అడక్కుండానే రాసేసిన రిపోర్టు

పాఠకుల ప్రశ్నలు, జవాబులు: పిల్లల ఎదుగుదల

ప్రశ్న: మేడమ్ గారూ నమస్తే. మాది జగిత్యాల దగ్గర ఒక ఊరు. బాబుకి మూడేళ్ళ నాలుగు నెలలు. మాటలు ఐదారే, అమ్మ, నాన, తాత, బువ్వ, కుక్కని చూస్తే బౌబౌ, అంతే. పిలిస్తే ఒకసారి చూస్తడు ఒకసారి చూడడు. అంగన్‌వాడీ టీచర్ ఎక్కడన్నా చూపియ్యండి అంటే హైదరాబాద్‌ల ఒక ప్రైవేటు సెంటర్‌కి ఫోన్ చేసి 3,500 కట్టి అపాయింట్‌మెంట్ తీసుకున్నం. పొద్దుగాల నాలుగింటికి బస్సెక్కి జేబీఎస్‌ల దిగి ఆటోల పోయేసరికి పది దాటింది, అపాయింట్‌మెంట్ పదకొండుకి, లోపలికి పిలిచింది ఒకటిన్నరకి. అప్పటికే వాడు నిద్ర లేక ఆకలికి ఏడ్చి ఏడ్చి ఉన్నడు. లోపల ఒక మేడమ్, పక్కన ఇద్దరు అమ్మాయిలు, ట్రైనింగ్‌కి వచ్చినోళ్ళట, అందుల ఒకామె ఫోన్‌ల వీడియో తీస్తనే ఉంది, మమ్మల్ని అడగలే. మేడమ్ మాట్లాడేదంత ఇంగ్లీషే. కుక్క బొమ్మ చూపిస్తే వాడు బౌబౌ అన్నడు, నాకెంత సంతోషమైందో, ఆమె "నో, డాగ్" అని కార్డు పక్కన పడేసింది. మధ్యల మూడుసార్లు ఫోన్ మాట్లాడింది. వాడు కుర్చీ దిగి ఉరుకుతుంటే "ఏంటీ కోతిలాగా, ఇంట్లో భయం పెట్టరా" అన్నది, మళ్ళ నాదిక్కు చూసి "మీరు పనికి పోతూ ఫోన్ చేతికిచ్చి వదిలేస్తారా" అన్నది, ఆ అమ్మాయిలిద్దరు నవ్విండ్రు. అర్ధగంట కూడ కాలే, అయిపోయింది. ఆటిజం, ఇప్పుడే మొదలుపెట్టకపోతే జన్మంతా ఇంతే, ఆరు నెలల ప్యాకేజీ 90 వేలు, ఇవ్వాళ అడ్వాన్స్ కడితే డిస్కౌంట్ అన్నరు. మా ఆయన భయానికి 15 వేలు అక్కడికక్కడే ఫోన్‌పే చేసిండు. వారం తర్వాత వాట్సాప్‌ల రిపోర్ట్ వచ్చింది, అందుల రెండుచోట్ల బాబుని "షీ" అని రాసి ఉందట, మా తమ్ముడు చదివి చెప్పిండు. కంప్లైంట్ ఇద్దామంటే మా ఆయన గొడవెందుకు, రేపు ఏ సెంటర్ వాళ్ళూ చూడరు అంటడు. అత్తమ్మ ఏమో మగపిల్లలకి మాటలు లేటుగనే వస్తయి, వాళ్ళ నాయన నాలుగేండ్లకు మాట్లాడిండు, ఇగ ఏ ఆస్పత్రీ వద్దంటది. నాకేమో ఆ నవ్వు చెవులకెల్లి పోతలేదు. రిపోర్ట్ ఫోటోలు పంపుతున్న. ఏం చేయాల్నో చెప్పండి.
ఒక అమ్మ

జవాబు: అమ్మా, ముందు ఆ బౌబౌ దగ్గర ఆగుదాం, ఎందుకంటే నాకు అన్నిటికంటే ఎక్కువ కోపం వచ్చింది అక్కడే.

ఒక పిల్లాడు బొమ్మ చూసి, అది కుక్క అని గుర్తుపట్టి, తనకొచ్చిన పేరు పెట్టి పైకి అన్నాడు. కుక్కని చూసిన ప్రతిసారీ బౌబౌ అంటున్నాడంటే అది మాటే, లెక్కలోకి వస్తుంది. అసలు అప్పుడు చూడాల్సింది ఇంకోటి ఉంది, ఆ మాట అన్నప్పుడు వాడు ఎవరి వైపు చూశాడు? "చూడమ్మా" అన్నట్టు మీ వైపు తిరిగాడా, వేలు పెట్టి చూపించాడా, లేక కార్డునే చూస్తూ తనలో తను అనుకున్నాడా? ఆటిజం ఉందా లేదా అని చూసేవాళ్ళు గంటసేపు వెతుక్కునేది సరిగ్గా ఇలాంటి క్షణం కోసమే. అది చేతికి దొరికితే ఆవిడ "నో, డాగ్" అని పక్కన పడేసింది. మర్యాద లేకపోవడం సంగతి తర్వాత, ఇది పని రాకపోవడం.

నేను చెప్పేదంతా ఈ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది. మీరు ఉత్తరం రాసింది అవమానం జరిగిందని. జరిగింది, కాదనను. కానీ పరీక్ష చేసే గదిలో మర్యాద అంటే పెద్దవాళ్ళని సంతోషపెట్టడానికి కాదు, అది పరీక్షలో భాగం. నిద్రలేని ఆకలేసిన పిల్లాడు, రాని భాష, కొత్త మొహాలు మూడు, మధ్యలో ఫోన్, గదమాయింపు, ఇన్ని కలిపి వచ్చిన మార్కు పిల్లాడిది కాదు, ఆ రోజుది.

ఇది నీతులు చెప్పడానికి అనట్లేదు, నేనూ చేశాను ఈ తప్పు. ఈ ఫీల్డ్‌లోకి వచ్చిన కొత్తల్లో నాలుగేళ్ళ పాప ఒకత్తి వచ్చింది. చెక్క పలక, అందులో పది గుంటలు, నక్షత్రం, గుండ్రం, సగం చందమామ లాంటి పది ముక్కలు, ఏది ఎక్కడ పడుతుందో పెట్టాలి, టైం చూస్తాం, మూడుసార్లు పెట్టించి అందులో తక్కువ టైం రాసుకుంటాం. పాప ఒక్క ముక్క ముట్టుకోలేదు. బయట పదిమంది వెయిటింగ్, నేను "చేయలేదు" అని రాసేసి పంపేశా. మర్నాడు వాళ్ళ అమ్మమ్మ మళ్ళీ పట్టుకొచ్చింది, "నిన్న దీనికి ఒంటికి వస్తే చెప్పడానికి భయపడిందండీ" అని. బాత్రూంకి వెళ్ళొచ్చి, ఒక అరటిపండు తిని కూర్చుంది, పది ముక్కలూ పెట్టేసింది. నేను ముందురోజు రాసిన కాగితం అలాగే వెళ్ళిపోయి ఉంటే ఆ పాప ఏ క్లాసులో కూర్చునేదో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

ఇక మీ రిపోర్ట్. షీ, హీ సంగతి మీ తమ్ముడు పట్టుకున్నాడు, అంటే వేరే ఎవరో పాప రిపోర్ట్ తెరిచి దాని మీదే మీ బాబు పేరు కొట్టారు. అంతకంటే పెద్దవి ఉన్నాయి. రెండో పేజీలో వైన్‌లాండ్ స్కేల్ అని ఉంది చూడండి, మన దగ్గర వాళ్ళు వీఎస్ఎంఎస్ అంటారు, అది పిల్లాడితో చేయించే పరీక్ష కాదు, తల్లిని కూర్చోబెట్టి అడిగి నింపేది. తనంతట తను తింటాడా, చొక్కా విప్పుకుంటాడా, బాత్రూం వస్తే చెప్తాడా, ఇలాంటివి ఒక్కొక్కటీ అడగాలి. మీ రిపోర్ట్‌లో "స్వయంగా తినలేడు" అని రాశారు. ఈ ముక్క చూసి నేను మీకు ఫోన్ చేసి అడిగా గుర్తుందా, మీరు నవ్వి "వాడు పెరుగన్నం గిన్నె ముందు పెడితే చివరి మెతుకు దాకా వాడే తింటడు మేడమ్, నన్ను ముట్టనియ్యడు" అన్నారు. మరి ఆ రాసినావిడ మిమ్మల్ని అడిగిందా అంటే ఆ మాటే అడగలేదన్నారు. అడగని ప్రశ్నకి జవాబు రాశారన్నమాట.

ఇంకోటి, ఎమ్-చాట్ అని ఒక ఫారం జత చేశారు, 20 ప్రశ్నలు, అవును కాదు అని టిక్కులు. అది 16 నుంచి 30 నెలల పిల్లల కోసం చేసినది, అది కూడా అనుమానం ఉందా లేదా అని జల్లెడ పట్టడానికే, జబ్బు తేల్చడానికి కాదు. మీ వాడికి 40 నెలలు! ఐసా అనే స్కేల్ ఉంది, ఆటిజంకి మన దేశంలో తయారైనది, 40 అంశాలు, ఒక్కోదానికి 1 నుంచి 5 దాకా మార్కు, మొత్తం 70 లోపు వస్తే ఆటిజం లేదని, 70 నుంచి 106 దాకా స్వల్పం, ఆ పైన 153 దాకా మోడరేట్, అంటే ఒక మోస్తరు, 153 దాటితే తీవ్రం. పిల్లాణ్ణి చూసి, తల్లిదండ్రుల్ని అడిగి, రెండూ కలిపి వేయాల్సిన మార్కులు. మీ రిపోర్ట్‌లో "ఐసా: మోడరేట్" అని ఒక్క ముక్క ఉంది, నంబరే లేదు. ఎంత వచ్చిందో రాయకుండా మోడరేట్ అంటే బ్లడ్ టెస్ట్ చేసి "షుగర్ ఉంది" అని మాత్రం చెప్పి ఎంతో చెప్పకపోవడం లాంటిదే.

అన్నిటికంటే దారుణం, మాటలు రాని, పిలిస్తే పలకని పిల్లాడికి వినికిడి పరీక్ష చేయించారా అని ఎక్కడా లేదు. బెరా అంటారు, పిల్లాడు నిద్రపోతుంటే చేస్తారు, నొప్పేమీ ఉండదు. ఒకసారి చూసి ఒకసారి చూడట్లేదు అంటే చెవిలో నీరు చేరడం దగ్గర్నుంచి ఏదైనా కావచ్చు, కాకపోవచ్చు, కానీ ముందు అది తేలాలి. చెవి సంగతి చూడకుండా ఆటిజం అని 90 వేల ప్యాకేజీ రాయడం ఏంటండీ అసలు?

చివర్లో సంతకం ఉంది, పేరు కింద "చైల్డ్ డెవలప్‌మెంట్ ఎక్స్‌పర్ట్" అని ఉంది. అలాంటి డిగ్రీ ఏదీ లేదు. క్లినికల్ సైకాలజిస్ట్ అయినా, స్పీచ్ థెరపిస్ట్ అయినా, స్పెషల్ ఎడ్యుకేటర్ అయినా ఆర్‌సీఐలో, అంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో రిజిస్టర్ అయి ఉండాలి, వాళ్ళకి సీఆర్‌ఆర్ నంబర్ అని ఒకటి ఉంటుంది, రిపోర్ట్ మీద వేస్తారు. లేకుండా ఆ పని చేస్తే 1992 నాటి ఆర్‌సీఐ చట్టం ప్రకారం ఏడాది దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. జరిమానా చూస్తే నవ్వొస్తుంది, ఆ రోజుల్లో పెట్టిన అంకె అది, కానీ నేరం నేరమే. ఓటీలు, అంటే ఆక్యుపేషనల్ థెరపిస్టులు దీని కిందికి రారు, వాళ్ళది వేరే చట్టం, 2021లో వచ్చింది. డాక్టర్ అయితే మెడికల్ కౌన్సిల్. ఆర్‌సీఐ వెబ్‌సైట్‌లో పేరు కొట్టి చూడమని మీ తమ్ముడికి చెప్పండి, ఐదు నిమిషాల పని.

ఇప్పుడు మీకు నచ్చని మాట ఒకటి చెప్పాలి. ఈ రిపోర్ట్ చెత్త అని తేలినంత మాత్రాన బాబుకి ఏమీ లేదని తేలినట్టు కాదు. చెడ్డ పరీక్ష లేనిది ఉందని చెప్పొచ్చు, ఉన్నదాన్ని తప్పు పేరుతోనూ చెప్పొచ్చు. రెండేళ్ళకి రెండు మాటలు కలిపి చెప్పాలి, "అమ్మా రా", "బువ్వ పెట్టు" ఇలాగ, మూడేళ్ళకి చిన్న చిన్న వాక్యాలు రావాలి. మూడేళ్ళ నాలుగు నెలలకి ఐదారు మాటలంటే ఆలస్యమే, అందులో వాదన లేదు. అత్తమ్మ గారితో గొడవ పడకండి, ఆవిడ మనవడి మీద ప్రేమతోనే అంటున్నారు, "సరే అత్తమ్మా, లేటే అనుకుందాం, మరి చెవులు బాగున్నాయో లేదో అన్నా చూపిద్దాం" అనండి, చెవి పరీక్షకి ఎవరూ వద్దనరు. నేను భయపడేది అదే, ఆ నవ్విన అమ్మాయిల మీద కోపంతో మీరు ఇంకో ఏడాది ఏ గడపా తొక్కకుండా ఉండిపోతారేమోనని. ఇలా ఉండిపోయినవాళ్ళని చాలామందిని చూశా, అన్యాయం చేసినవాళ్ళు హాయిగా ఉంటారు, ఏడాది పోయేది పిల్లాడికి.

మళ్ళీ ఎక్కడ? ప్రభుత్వం వాళ్ళది ఆర్‌బీఎస్‌కే అని పిల్లల ఆరోగ్య పరీక్షల కార్యక్రమం ఒకటి ఉంది, 2013 నుంచి నడుస్తోంది, ఆ డాక్టర్లు అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు రావాలి. వాళ్ళు చీటీ రాస్తే డీఈఐసీ అని జిల్లా స్థాయి సెంటర్‌లో పిల్లల డాక్టర్, వినికిడి పరీక్ష, థెరపీ, అన్నీ ఉచితం. మీకు దగ్గర్లో ఏ ఆస్పత్రిలో ఉందో మీ అంగన్‌వాడీ టీచర్ కనుక్కుంటారు, ఆవిడ మంచావిడలా ఉంది, అసలు ముందు గుర్తుపట్టింది ఆవిడేగా. హైదరాబాదే రావాలనుకుంటే సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఎన్ఐఈపీఐడీ ఉంది, బుద్ధిమాంద్యం లాంటి వాటి మీద పనిచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ, 1984లో పెట్టారు, ఐసా స్కేల్ తయారైంది అక్కడే. రద్దీ ఉంటుంది, ఓపిక కావాలి, ఒకరోజులో అవకపోవచ్చు. ముందురోజే వచ్చి ఎవరింట్లోనైనా పడుకుని పొద్దున్నే వెళ్ళండి, డబ్బాలో పెరుగన్నం పెట్టుకోండి. ఇంట్లో వాడు ఆడుకునేటప్పుడు, తినేటప్పుడు, పిలిస్తే తిరిగేటప్పుడు, తిరగనప్పుడు కూడా, రెండేసి నిమిషాల వీడియోలు నాలుగు తీసి ఉంచండి. పాత రిపోర్ట్ ముందే చూపించకండి, అడిగితే "ఒకచోట చూపించాం, మాకు నమ్మకం కుదర్లేదు, మీరు మొదటినుంచీ చూడండి" అనండి. గదిలోకి వెళ్ళగానే "వీడికి తెలుగే వచ్చండీ" అని మీరే చెప్పండి. ఇంగ్లీష్ మాట్లాడితేనే పెద్ద డాక్టర్ అనుకునే జబ్బు మనకీ ఉంది లెండి, సెంటర్ల వాళ్ళని అని ఏం లాభం. పిల్లాడు మరీ ఏడుస్తుంటే "ఇవాళ వద్దండీ, ఇంకో డేట్ ఇవ్వండి" అని ఆపేసే హక్కు మీకుంది, దానికి ఎవరూ ఏమీ అనరు, మంచి సైకాలజిస్ట్ అయితే తనే ఆపుతారు.

కంప్లైంట్ గురించి. మీ ఆయన భయం నాకు అర్థమైంది, కానీ ఒక సెంటర్ మీద ఫిర్యాదు ఇస్తే మిగతా సెంటర్లన్నీ తలుపులేసుకుంటాయని ఏమీ లేదు, వాళ్ళకి వాళ్ళకే పడదు. ముందు ఆ సెంటర్‌కే ఒక ఉత్తరం రాయండి, తెలుగులోనే, తిట్లు లేకుండా. ఫలానా తేదీన ఫలానా టైంకి మా బాబుకి పరీక్ష చేశారు, చేసినవారి పేరు, క్వాలిఫికేషన్, రిజిస్ట్రేషన్ నంబర్ ఇవ్వండి, ఐసా, వీఎస్ఎంఎస్ మార్కులు ఇవ్వండి, మమ్మల్ని అడక్కుండా తీసిన వీడియో చెరిపేసి చెరిపేశామని రాసివ్వండి, థెరపీ మొదలే పెట్టలేదు కాబట్టి 15 వేలు వెనక్కివ్వండి, అంతే. స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి, ఫోన్‌పే స్క్రీన్‌షాట్, వాట్సాప్ మెసేజ్‌లు చెరపకండి. పరీక్షలో వాడిన ప్రశ్నల పుస్తకం ఇవ్వం అంటే అది న్యాయమే, మార్కులు ఇవ్వం అంటే న్యాయం కాదు. సెంటర్ నడిపేది డాక్టరే అయితే రికార్డులు అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని వాళ్ళ 2002 నాటి రూల్స్‌లోనే ఉంది.

ఉత్తరానికి చాలామంది దిగొస్తారు, డబ్బు వెనక్కొస్తుంది. రాకపోతే 1915కి ఫోన్ చేయండి, వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడొచ్చు. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్, రెండేళ్ళలోపు వేయాలి, 5 లక్షల లోపు అయితే కోర్టు ఫీజు లేదు, లాయర్ లేకుండా మీరే వెళ్ళొచ్చు, మీ జిల్లాలోనే వేసుకోవచ్చు. డబ్బు సంగతి అక్కడ, మనిషి సంగతి ఆర్‌సీఐలో, నంబర్ ఉన్నవాళ్ళయితే ప్రవర్తన సరిగ్గా లేదని, లేనివాళ్ళయితే అసలు రిజిస్ట్రేషనే లేదని. ఈ లోపల కోపంలో ఫేస్‌బుక్‌లో పేరు పెట్టి ఏదో రాసేయకండి, పోస్ట్ పెట్టాక ఇక మాట్లాడేది వాళ్ళ లాయరే.

ఆ నవ్వు గురించి నా దగ్గర మందు లేదమ్మా. ఆ అమ్మాయిలు ట్రైనింగ్‌కి వచ్చారు, వాళ్ళ మేడమ్ ఏం చేస్తే అదే నేర్చుకుంటున్నారు, ఉత్తరంలో ఆ వాక్యం కూడా రాయండి, "నా ముందు నవ్వారు" అని, ఉన్నది ఉన్నట్టు.

ప్రశ్న: మేం డాలస్ దగ్గర ఉంటాం. పాపకి నాలుగేళ్ళు, ఇంట్లో తెలుగే. స్కూల్ డిస్ట్రిక్ట్ వాళ్ళు ఇవాల్యుయేషన్ చేశారు, మొత్తం ఇంగ్లీష్ టెస్టులే, ఇంటర్‌ప్రెటర్ కావాలంటే "మీకు ఇంగ్లీష్ బాగానే వచ్చుగా" అన్నారు. లాంగ్వేజ్‌లో బాగా వెనక ఉంది అని తేల్చారు. మాకు నమ్మకం లేదు. ఇప్పుడేం చేయాలి?

జవాబు: మీకు ఇంగ్లీష్ వస్తే ఏం లాభమండీ, పరీక్ష రాసేది మీరు కాదుగా. వైకల్యం ఉన్న పిల్లల చదువు కోసం అక్కడ ఐడియా (IDEA) అని ఒక చట్టం ఉంది, అందులో స్పష్టంగా ఉంది, బొత్తిగా కుదరని పరిస్థితి అయితే తప్ప పిల్లల సొంత భాషలోనే పరీక్షించాలి. మీరు ఈమెయిల్ పెట్టండి, ఫోన్‌లో వద్దు, "మీ ఇవాల్యుయేషన్‌తో ఏకీభవించట్లేదు, పబ్లిక్ ఖర్చుతో ఇండిపెండెంట్ ఎడ్యుకేషనల్ ఇవాల్యుయేషన్ కావాలి" అని, ఈ మాటలే వాడండి. అప్పుడు వాళ్ళ ముందు రెండే దారులు, డబ్బు పెట్టి బయటివాళ్ళతో చేయించడం, లేదా తాము చేసింది సరైనదే అని హియరింగ్‌కి వెళ్ళి నిరూపించుకోవడం. తెలుగు తెలిసిన స్పీచ్ థెరపిస్ట్ దొరికితే సరే, దొరక్కపోతే తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ని పెట్టి, ఇంట్లో పాప మాట్లాడే తెలుగు రికార్డ్ చేసి ఇవ్వండి. తెలుగులో కూడా వెనకే ఉంటే అది నిజంగా చూడాల్సిన విషయం. తెలుగులో గలగలా మాట్లాడుతుంటే అది ఇంగ్లీష్ నేర్చుకోకపోవడం, అంతే. ఇంట్లో తెలుగు మానేయమని ఎవరైనా సలహా ఇస్తే మాత్రం వినకండి.

ప్రశ్న: కాకినాడ జిల్లా అండి మాది. ఏడేళ్ళ మా అమ్మాయికి బుద్ధిమాంద్యం సర్టిఫికెట్ కోసం స్లాట్ బుక్ చేసి సదరం క్యాంపుకి వెళ్తే ఆ డాక్టరు రెండు నిమిషాలు కూడా చూడలేదండి, "నడుస్తోంది కదయ్యా, పెన్షన్ కోసం వచ్చారా" అన్నాడు, లైన్లో అందరి ముందూ. ఇప్పుడు స్టేటస్ చూస్తే రిజెక్టెడ్ అని వస్తోందండి. ఆయన మీద ఎవరికి చెప్పుకోవాలి?

జవాబు: నడవగలిగితే వైకల్యం లేనట్టే అన్న డాక్టర్ ఇంకా ఉన్నాడంటే ఏమనాలి! 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలు ఉన్నాయి, మీ అమ్మాయిది అందులో ఉంది, దాన్ని తేల్చేది కాళ్ళు చూసి కాదు, సైకాలజిస్ట్ చేసే ఐక్యూ పరీక్షా, పైన చెప్పిన వీఎస్ఎంఎస్సూ చూసి. అవి చేయకుండా రిజెక్ట్ చేశారంటే ముందు ఎందుకు చేశారో రాతపూర్వకంగా కారణం అడగండి, అది ఇవ్వాల్సిన బాధ్యత వాళ్ళదే. తర్వాత అప్పీల్, ఆ హక్కు కూడా అదే చట్టంలో ఉంది. మాట తూలిన సంగతికి విడిగా ఇంకో కాగితం రాయండి, రెండూ ఒకే కాగితంలో కలిపేస్తే వాళ్ళు తిట్టు సంగతి మాట్లాడి సర్టిఫికెట్ సంగతి మర్చిపోతారు. ఆ కాగితం సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో ఇవ్వొచ్చు, ఒక కాపీ రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కి. పాపకి స్కూల్లో టీచర్, మీ మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిపే భవిత సెంటర్ ఉంటే అక్కడి ఐఈఆర్‌పీ టీచర్, ఇద్దరి చేతా పాప ఏం చేయగలదో ఏం చేయలేదో అర పేజీ రాయించి జత చేయండి. కలెక్టరేట్‌లో ఇచ్చే రసీదు మీద నంబర్, తేదీ పడ్డాయో లేదో కౌంటర్ దగ్గరే చూసుకోండి, ఇంటికొచ్చాక చూసుకుంటే మళ్ళీ వచ్చే సోమవారం దాకా ఆగాలి.